ఏడో వరస రాఘవయ్య గారు

కర్లపాలెం దాటి సముద్రం వైపు వెళ్తే ఒక సరుగుడు తోట వస్తుంది. మామూలు తోట కాదు, పరిశోధన తోట. ఏ రకం చెట్టు గాలికి ఎంతవరకు ఆగుతుందో చూడటానికి వరసలుగా నాటి, ప్రతి చెట్టుకీ నంబరు బిళ్ళ కొట్టారు. పగలు అందులో మేకలు కూడా హాయిగా తిరుగుతాయి. చీకటి పడ్డాక మాత్రం ఏడో వరస దగ్గరికి ఎవరూ పోరు.

ఎందుకంటే... అక్కడ వెంకటరాఘవయ్య గారు ఇంకా డ్యూటీలోనే ఉన్నారట.

ఆయన తోటకి పాత గార్డు. ఆ వరసంతా తన చేత్తో నాటారు. మొక్క కాస్త వంకర పోయినా ఆయనకి అన్నం సహించేది కాదు. వెదురు బొంగు తెచ్చి ఊతం పెట్టి, తన పాత పంచె చింపి మూడు ముళ్ళు వేసి కట్టేవారు. నాలుగేళ్ళ కిందట పోయారు. పోయినా పని మానలేదనీ, రాత్రిళ్ళు ఒరిగిన చెట్లని లేపి నిలబెడుతుంటారనీ చుట్టుపక్కల చెప్పుకుంటారు. ఆ మాటకే ఇద్దరు వాచర్లు సైకిళ్ళు కూడా వదిలేసి పారిపోయారు.

మూడోవాడు మన జానీ బాషా.

బాపట్ల మనిషి. ఆరడుగుల ఎత్తు, గుబురు మీసం — గుండె మాత్రం కోడిపిల్లది. తెనాలిలో రైస్ మిల్లు కాపలా గబ్బిలం వల్ల మానేశాడు. రేపల్లెలో కొబ్బరికాయల గోడౌన్ కాపలా, రాత్రిపూట ఒక కాయ దానంతటదే దొర్లిందని మానేశాడు. అందుకే ఈ ఉద్యోగంలో చేరిన రోజు భార్య సల్మా క్యారేజీ చేతికిస్తూ ఒకే మాట చెప్పింది.

"ఏమండీ, ఈసారి గనక భయపడి వచ్చేశారో... తలుపు తియ్యను."

సల్మా అన్నదంటే అన్నదే. ఈ సంగతి ఆవిడ తమ్ముడు ముజీబ్ తెనాలి బస్సులో నాకు ఒట్టేసి చెప్పాడు. కథంతా వాడు చెప్పిందే. నేను కలిపిందేమీ లేదు.

చేరిన నెలకే తుఫాను వచ్చింది. రెండు రోజులు గాలి అరిచి అరిచి ఆగేసరికి తోటలో సగం నేల మీద ఉంది. సైంటిస్టు అనుపమ గారు ఫోన్ చేశారు. "బాషా గారూ, రేపు పొద్దున నేను వచ్చి కొలిచేదాకా పడింది పడ్డట్టే ఉండాలి. ఒక్క కొమ్మ పోయినా ఎనిమిదేళ్ళ పని పాడవుతుంది."

"అలాగే మేడమ్" అని జానీ బాషా సాయంత్రం గేటుకి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో పడేసుకుని, వరసలన్నీ తిరిగి రాసుకున్నాడు. ఏడో వరస — తొమ్మిదికి తొమ్మిదీ పడ్డాయి. రాస్తూ రాస్తూ కాలు జారి నీళ్ళ గుంటలో పడ్డాడు. ఇంకా వెలుతురుందన్న ధైర్యంతో, తడిసిన చొక్కా విప్పి, ఏడో వరసలో పడున్న మొదటి చెట్టు మొదట్లో, అటొకటి ఇటొకటి మిగిలిన రెండు మొండి కొమ్మలకి చేతులు తొడిగి ఆరేశాడు.

అంతలో చీకటి పడింది. చొక్కా మాట మర్చిపోయి, బనీనుతోనే షెడ్డులోకి పరుగెత్తాడు.

రాత్రి తొమ్మిదయింది. కరెంటు లేదు. సముద్రం హోరు తప్ప చప్పుడు లేదు.

కర్ర్... కర్ర్... కర్ర్...

జానీ బాషా ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. చప్పుడూ ఆగింది. తర్వాత ఠప్పున ఏదో విరిగింది. ఆపైన... నేలలోంచి ఏదో పెద్దది పైకి లేచినట్టు ఒక మూలుగు.

వెళ్ళిపోదామా? సల్మా తలుపు తియ్యదు. ఉండిపోదామా? కాళ్ళు ఒప్పుకోవడం లేదు. చివరికి సల్మాయే గెలిచింది. టార్చి తీసుకుని బయల్దేరాడు. అది రెండు దెబ్బలు వేస్తేగాని వెలగదు.

ఏడో వరస వచ్చింది. ఒక దెబ్బ వేశాడు. వెలగలేదు. ఇంకో దెబ్బ వేశాడు —

మొదటి చెట్టు పడుండాల్సిన చోట ఎవరో నిలబడి ఉన్నారు. మనిషి కన్నా ఎత్తు. చేతులు రెండూ చాచి ఉన్నాయి. తల లేదు.

ఒంటి మీద... తన నీలం గళ్ళ చొక్కా.

పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా మర్యాద పోలేదు. "రా... రాఘవయ్య గారండీ... నేనండీ, కొత్త వాచర్నండీ. చొక్కా మీకు బాగుందండీ... ఉంచుకోండి."

ఆ ఆకారం వెనక నుంచి ఒక ముసలి గొంతు వణికింది. "తప్పయిపోయింది రాఘవయ్య గారూ... ఇంకెప్పుడూ రాను..."

"నేను రాఘవయ్యని కాదండీ! మీరే కదండీ రాఘవయ్య గారు?"

"నేను కాదయ్యా!"

తనూ కాక, ఆ గొంతూ కాక... మరి మధ్యలో నిలబడ్డదెవరు?

ఇద్దరూ ఒకేసారి కెవ్వుమన్నారు. ఒకేసారి పరుగందుకున్నారు. ఒకేసారి గేటుకి గుద్దుకున్నారు.

టార్చి వెలుగులో చూస్తే అరవై ఏళ్ళ మాణిక్యమ్మ. పక్క పల్లెలో ఉంటుంది. చేతిలో రంపం.

"కట్టెలన్నీ నానిపోయినాయి బాబూ. మూడు రోజుల్నించి పొయ్యి రాజలేదు. ఒక్క చెట్టు కోసుకుందామని తూర్పున కంచె విరిగిన సందులోంచి వచ్చా..."

"కోశావా?"

"కోశా. తల తెగి అవతల పడింది. పడగానే... మొండెం లేచి నిలబడింది బాబూ! నా కళ్ళ ముందే! ముందు తాళం తియ్యి!"

జానీ బాషా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. బనీను తగిలింది. జేబు తగల్లేదు.

"పెద్దమ్మా... తాళంచెవి ఆయన జేబులో ఉంది."

తూర్పు సందులోంచి పోదామన్నా ఏడో వరస దాటాల్సిందే. ఇక తప్పలేదు. మాణిక్యమ్మ అతని బనీను పట్టుకుని వెనక నడిచింది.

"నువ్వడుగు బాబూ. నీ చొక్కా."

"నువ్వడుగు పెద్దమ్మా. నీ కోత."

చివరికి అతనే కళ్ళు మూసుకుని చెయ్యి చాచాడు. "సార్... తాళంచెవి ఒక్కటేనండి... మిగతాదంతా మీదేనండి..." జేబులో వేళ్ళు పెట్టాడు. వెనకాల చల్లగా, గరుకుగా... బెరడు. కళ్ళు తెరిచాడు. గుండె ఉండాల్సిన చోట నంబరు బిళ్ళ. ఏడులో ఒకటి.

చెట్టే. కానీ పడిన చెట్టు నిలబడటం ఏంటి? తాళంచెవి లాక్కుని గేటుకి పరుగెత్తాడు. గేటు తీశాడు. ఎదురుగా రోడ్డు, పక్కనే తన మోపెడ్. కానీ ఇంటికి పోతే మూసిన తలుపు. ఆ తలుపు ముందు నిలబడ్డ తనని తలుచుకుంటే అతనికి భయం కన్నా సిగ్గు ఎక్కువేసింది. మళ్ళీ తాళం వేశాడు — లోపల్నుంచి. చీకట్లో ఒక్కతే పోలేక మాణిక్యమ్మ కూడా షెడ్డులోనే కూర్చుంది.

పొద్దున్నే అనుపమ గారొచ్చి అంతా విని కడుపు పట్టుకుని నవ్వారు. "తల బరువు పోయింది కదా బాషా గారూ, వేళ్ళకి అంటుకున్న తడి మట్టి బరువు మొదలుని వెనక్కి లాగేసింది. పడిన చెట్టుని కోస్తే ఒక్కోసారి ఇలాగే లేస్తుంది. అమ్మా, నువ్వు అడ్డంగా ఉంటే ప్రాణం పోయేది. కొలవడం అవ్వగానే నేనే కట్టెలిప్పిస్తాను, సరేనా?"

జానీ బాషాకి ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా! అనవసరంగా ఆయన్ని అనుమానించాం.

"పడినవి తొమ్మిదని రాశారు" అన్నారావిడ కాయితం చూస్తూ. "లేచింది పోను ఎనిమిది ఉండాలి. ఏడే ఉన్నాయేంటి?"

వరస చివరికి నడిచారు. తొమ్మిదో చెట్టు నిటారుగా నిలబడి ఉంది. తల ఉంది. కొమ్మలున్నాయి. ఎక్కడా రంపం గాటు లేదు. పక్కన కొత్త వెదురు బొంగు. దానికీ చెట్టుకీ కలిపి... చింపిన పంచె గుడ్డ. మూడు ముళ్ళు.

లోకమంతా నానిపోయి ఉంటే ఆ గుడ్డ పొడిగా ఉంది.

అనుపమ గారు మాణిక్యమ్మ వైపు చూశారు.

"నా దగ్గర పంచెలెక్కడివమ్మా" అంది మాణిక్యమ్మ నెమ్మదిగా.

ఈ కబురు జానీ బాషా కన్నా ముందే బాపట్ల చేరింది. బావ ఇక రేపో మాపో మూట సర్దుకుని వచ్చేస్తాడని ముజీబ్ పందెం కూడా కాశాడు. సల్మా లోపల గడియ పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు అతను రాలేదు. ఆ రాత్రీ రాలేదు. మర్నాడు పొద్దున డ్యూటీ దిగే టైముకి, కంటి నిండా నిద్రపోయిన మొహంతో వచ్చి తలుపు కొట్టాడు.

సల్మా తలుపు తీసింది. "భయం వెయ్యలేదా?"

"ఎందుకేస్తుంది? ఇన్నాళ్ళూ అంత తోటలో ఒక్కణ్ణే ఉన్నాననుకుని భయపడి చచ్చా" అన్నాడు క్యారేజీ అందిస్తూ. "ఇప్పుడు సీనియర్ ఉన్నారుగా. రేపట్నించి ఇంకో గిన్నె పెట్టు. చేపల పులుసు తగలకుండా చూడు... ఆయన తినరు."