మూడో గది వీడియో

మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో మూడో గది తలుపును లోపలి నుంచి ఎవరో కొడుతున్నారు.

స్కూలుకు సెలవు కావడంతో నాన్నకు క్యారేజీ తెచ్చిన మహతి నడవలోనే ఆగిపోయింది. కూలీలందరూ భోజనాలకు వెళ్ళారు. లోపల ఎవరూ ఉండకూడదు.

"ఎవరది?" అంది.

జవాబు లేదు. దబ్... దబ్... మళ్ళీ అదే చప్పుడు.

"లోపలెవరు? పలకరేం?" ఈసారి గట్టిగా అరిచింది.

పలకలేదు. కొట్టడం మాత్రం ఆగలేదు. మహతి క్యారేజీ అక్కడే వదిలేసి ఆఫీసుకు పరుగెత్తింది.

అక్కడ సూపర్‌వైజరుగా పనిచేసే ఆమె నాన్న శశిభూషణ్ వచ్చి బరువైన తలుపు లాగాడు. తెల్లటి మంచు పొగలా బయటికి పొర్లింది. అందులోంచి ఒక చిన్న చెయ్యి వచ్చి మహతి చెయ్యి పట్టుకుంది. ఐసుముక్కలా ఉంది ఆ చెయ్యి.

జానీబీ. మహతి క్లాసే. పుట్టినప్పటి నుంచీ చెవులు వినిపించవు. వాళ్ళమ్మ సర్దార్‌బీ ఇక్కడే కాయలకు తొడిమలు తీస్తుంది.

జానీబీని ఎండలో కూర్చోబెట్టి గోనెపట్టా కప్పారు. సర్దార్‌బీ పరుగున వచ్చి కూతుర్ని వాటేసుకుంది.

"లోపలికెందుకు పోయావే తల్లీ?" సైగ చేస్తూ అడిగింది.

వణుకు తగ్గాక జానీబీ ఇటుకముక్కతో గచ్చు మీద రాసింది. 'వీడియోలో మహతి రమ్మంది.'

సైన్స్ ఫెయిర్ కోసం మహతి కొందరు పిల్లలతో కలిసి ఇక్కడ తీసిన వీడియో అది. కంప్యూటర్ టీచర్ దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. నిన్న క్లాసంతా చూసింది. ఏం చెబుతున్నావని జానీబీ సైగ చేస్తే, తర్వాత చెప్తాలే అని చెయ్యి ఊపి మర్చిపోయింది మహతి.

"నేను వెళ్ళొద్దనే చెప్పాను నాన్నా." అంది.

నాన్న ఆఫీసు కంప్యూటర్‌లో ఆ వీడియో పెట్టి, స్పీకర్ వైరు పీకేశాడు.

"ఇప్పుడు చూడమ్మా."

తెరమీద మహతి నవ్వుతోంది. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఒక్క మాటా లేదు. చెయ్యి మెల్లగా లేచి వెనకున్న చీకటి గదిని చూపించింది. ఇంకా నవ్వుతూనే ఉంది. మొహం తనదే. అయినా ఎవరో తెలియని పిల్ల తనను ఆ చీకట్లోకి పిలుస్తున్నట్టుంది.

మహతి కళ్ళు మూసుకుంది.

మర్నాడు స్కూల్లో టీచర్ పక్కన కూర్చుని, తన మాటలన్నీ వీడియో కింద కనిపించేలా టైపు చేసింది. 'ఈ గదిలోకి ఒంటరిగా వెళ్ళకండి. తలుపు దానంతటదే పడుతుంది. లోపలి నుంచి తెరుచుకోదు.'

ముందుగా జానీబీనే పిలిచి చూపించింది.

జానీబీ ఒక్కో అక్షరం మీదా వేలు కదుపుతూ చదివింది. ఒకచోట ఆపమంది. తెరమీద పిల్లలంతా ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. కింద అక్షరాలేమీ లేవు. ఎందుకన్నట్టు కనుబొమలెగరేసింది.

అది వట్టి చప్పుడేలే అనబోయి, మహతి ఆగింది. కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

'తలుపు ధన్‌మని మూసుకుంది.'

జానీబీ చదివింది. ఆమె భుజాలు కూడా ఒక్కసారి అదిరాయి.