దెయ్యానికి పోసిన మంచినీళ్ళు

తాడిపత్రి స్టేషన్ వెనకాల ఒంటి క్వార్టరు ఒకటి ఉండాది. పొద్దు గూకినాక ఆ పక్కకు కుక్క గూడా పోదు. కరువు యేడు ఆడ తిప్పమ్మని, రైలుపట్టాల గ్యాంగుకూలీ పెండ్లాం, “నీళ్ళో… నీళ్ళో…” అంటా పానం వదిలిందంట. అప్పట్నుంచి దారిన పోయేవాళ్ళను నీళ్ళడుగుతాదంట. లేవన్నామో, మన ఇంట్లో ఒకరు దప్పితోనే పోతారంట.

ఇట్లాంటియి నమ్మేవాళ్ళను చూసి నేను పండ్లికిలించి నవ్వుతాంటి. బండలు కోసే ఫ్యాక్టరీలో నరసింహప్పంత ధైర్యస్తుడు లేడని నేనే చెప్పుకుంటాంటి. ఇంకెవరూ చెప్పేవాళ్ళు కాదులే.

ఆ యెండాకాలం నా పెండ్లాం బయమ్మకు జరం. మా వీధి బావి నీళ్ళు ఉప్పు కషాయం, తాగిస్తే కక్కుతాంది. “యాడన్నా గుక్కెడు మంచినీళ్ళు తేపో” అనింది. బొగ్గింజన్లకు నీళ్ళు పట్టే కాడ మంచినీళ్ళ కొళాయి ఉండాది. ఆడ కాచుకోని, బతిమాలి, బిందె నింపి భుజానికెత్తుకునేసరికి మసక పడింది. అవతల జరం మనిషి… చుట్టు తిరిగి పోతే ఆలస్యం. దగ్గర దారి ఆ క్వార్టరు పక్కనే.

సరే, పోతాండా…

కిటికీలో నీలం వెలుతురు!

బుడ… బుడ… బుడ… ఎవరో నీళ్ళలో మునిగి ఊపిరి వదులుతాండే సద్దు.

పరిగెత్తమంటే కాళ్ళు కదల్లేదు. కండ్లు మాత్రం బాగా పనిచేసినాయి, పాడుకండ్లు. కిటికీలో ఒక మొగం. పసుపు పూసిన మొగం… కంటికి అడ్డంగా కాటుక… నోరు తెరస్తాంది… మూస్తాంది… తెరస్తాంది…

నీళ్ళడుగుతాంది!

ఒక్క గుక్కెడు పోసి, మిగతాది బయమ్మకు తీసకపోదామనుకున్నా. చువ్వల సందున బిందె మూతి ఆనించి, “తాగు తల్లీ… మా బయమ్మ జోలికి రావద్దు…” అని గుసగుసగా చెప్పి వంచినా. బరువుకు బిందె ఒరిగి బిందెడూ దబదబ పోయింది. ఆ నోరు ఇంకా తెరస్తానే ఉండాది. ఇంకేం పోసేది, నా కన్నీళ్ళా?

“ఎవర్రా అది!” లోపల్నుంచి అరుపు. నేనూ అరిచినా. నా అరుపే పెద్దది.

లాంతరు పట్టుకోనొచ్చింది దెయ్యం కాదు — కొత్తగా బదిలీ అయ్యొచ్చిన రైలు గార్డు యేసన్న. క్వార్టర్లో మనిషి దిగినాడని నాకెవరు చెప్పినారు? లోపల కిటికీకి ఆనించి మూత లేని గాజుతొట్టి. దాంట్లో పగడపు రాళ్ళు, వాటి మధ్య పసుపు రంగు చేప, కంటి మీద అడ్డంగా నల్ల చార. సముద్రం చేపలంటే ఆయనకు పిచ్చంట. చేపనూ, డబ్బాల నిండా సముద్రం నీళ్ళనూ మద్రాసు నుంచి రైల్లో తెచ్చుకున్నాడు. సముద్రం లోపల వెలుతురు నీలంగా ఉంటాదని బల్బుకు నీలం కాగితం చుట్టినాడు. లారీ ట్యూబులో గాలి కొట్టి, సన్న గొట్టంతో తొట్టిలోకి వదిలినాడు. నేను విన్న బుడబుడ అదే.

“ఏం పోసినావప్పా దీంట్లో?” ఆయన తొట్టి మీదికి లాంతరెత్తినాడు.

“మంచినీళ్ళే సార్! ఉప్పు చుక్క లేదు!”

“అయ్యో… ఉప్పునీళ్ళ చేపప్పా ఇది. దీనికి మంచినీళ్ళే విషం!”

మంచినీళ్ళు పోస్తే చచ్చే పానం ఒకటుంటాదని మా అనంతపురం జిల్లాలో ఎవునికి తెలుసు? ఆయన గబగబా చేపను డబ్బాలోని సముద్రం నీళ్ళలోకి మార్చినాడు. అది పక్కకు ఒరిగి, కాసేపు నోరాడించి… ఆగిపోయింది. ఆయన ఏడ్చినాడు. నేనూ ఏడ్చినా — చేప కోసం కొంచెం, ఖాళీ బిందె కోసం ఎక్కువ. ఇంట్లో జరం మనిషి దప్పితో ఉందని చెప్తే, ఆ మారాజు కండ్లు తుడుచుకోని, తను తాగే కూజా నా చేతిలో పెట్టినాడు. “ముందు ఇంటికి పో అన్నా” అన్నాడు.

బయమ్మ గటగట తాగింది. తాగి, ఇంతసేపు యాడ పోయినావని నిలేసింది. జరిగిందంతా చెప్పినా. అంత జరంలోనూ కడుపు పట్టుకోని నవ్వింది.

“ఇంకో గ్లాసు పోస్తా ఉండు” అని కూజా అందుకుంటే, చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దులే సామీ, నేనే పోసుకుంటా. నీ చేతి నీళ్ళు తాగి దెయ్యమే సచ్చిపాయ!”