మూడో చెరువు లోతు

నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులే. సాయంత్రమయ్యేసరికి ఆ గట్ల మీద గాలి ఉప్పుగా, మేతవాసనగా ఉంటుంది. నీళ్ళకి గాలి ఎక్కించే ఏరియేటర్ల చక్రాలు చిలుకుతూనే ఉంటాయి. అలవాటైనవాళ్ళకి ఆ చప్పుడు జోలపాట. కొత్తవాళ్ళకి తలనొప్పి.

ఎలీషాకి వచ్చి ఏడాదిన్నరైనా ఇంకా తలనొప్పిగానే ఉంది. ఇంజనీరింగ్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. అక్క జెస్సీ మొగుడు సీమోను మూడు చెరువులు కౌలుకి తీసుకుని, "ఇంట్లో కూర్చుని ఫోను నమిలే బదులు నాతో రారా" అని లాక్కొచ్చాడు.

"ఏరా ఇంజనీరూ, చెక్ ట్రే లేపావా?"

"లేపాను బావా. ట్రేలో వేసిన మేతంతా రొయ్యలు తినేశాయి."

"నీలాగే. పొద్దున మీ అక్క పంపిన పులిహోరలో నాకు కరివేపాకు మిగిల్చావ్ చూడు, దేవుడు నిన్ను దీవించుగాక."

అప్పుడే జెస్సీ ఫోన్ చేసింది. నెలలు నిండి, రేపో మాపో అన్నట్టుంది.

"ఒరే తమ్ముడూ, గాలి ముదురుతోంది. మీ బావ నీళ్ళలోకి దిగుతానంటే దిగనివ్వకు. నిన్నక్కడ ఉంచింది దానికే, తెలిసిందా? ఆయన్ని నాకు తిన్నగా ఇంటికి పంపించు."

"పంపిస్తాలే అక్కా."

ఆవిడ భయం ఊరికే కాదు. నిరుడు ఇదే నెలలో ఈ మూడో చెరువులోనే, వాళ్ళ దగ్గర పనిచేసే ఏసుపాదం పోయాడు.

చెరువుల మీద ఒక కట్టుబాటుంది. ఎవరైనా నీళ్ళలోకి దిగే ముందు ఏరియేటర్ ఆపి, తన తువ్వాలు స్టార్టర్ పెట్టె పిడికి కట్టి దిగుతాడు. తువ్వాలు వేలాడుతుంటే నీళ్ళలో మనిషున్నట్టు. దిగినవాడే వచ్చి విప్పుకోవాలి. ఇంకొకడు దానిమీద చెయ్యి వెయ్యకూడదు.

ఆ రోజు ఏసుపాదం చక్రానికి చుట్టుకున్న నాచు తియ్యడానికి దిగాడు. తువ్వాలు కట్టే దిగాడు. గట్టు మీద ఎలీషా ఫోన్లో మాన్‌స్ట్రా ఆడుతున్నాడు. ఫోను పట్టుకుని ఊరంతా తిరుగుతూ వింత జంతువుల్ని పట్టుకునే ఆట. ఏడాదిగా ఏంజెల్ దగ్గర్నుంచి అనిల్ దాకా ఫ్రెండ్సెవరికీ దొరకని ఓల్టారా, సరిగ్గా ఆ చెరువు మీద కనిపించింది. నల్లటి చేప. సూదుల్లాంటి పళ్ళు. తలమీద తీగలాంటి కొమ్ము, దాని చివర నీలం దీపం. కింద రాసి ఉంది: 'ఐదు వేల మీటర్ల లోతులో ఉంటుంది. దీపం ఊపి పిలుస్తుంది. దగ్గరికొచ్చినదాన్ని కరెంటుతో కొడుతుంది. ఆకలికి కాదు.'

తుంపర మొదలైంది. స్క్రీను మీద చినుకులు పడి వేలు జారుతోంది. చేతికందేలా ఏముందా అని చూశాడు. తువ్వాలుంది. విప్పాడు. ఫోను తుడిచాడు. తలమీద కప్పుకుని ఆటలో పడిపోయాడు.

అవతలి గట్టు నుంచి సీమోను వచ్చాడు. చక్రం చాటున ఉన్న మనిషి కనబడలేదు. పిడి ఖాళీగా ఉంది. స్టార్టర్ వేశాడు.

నీళ్ళలో కేబుల్ అతుకు దగ్గర టేపు ఊడిపోయి ఉంది. ఏసుపాదం అరవలేదు. అరవడానికి దవడలు విడిపోలేదు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే బిగుసుకుపోయాడు. చక్రం అతని చొక్కా అందుకుని రెండు తిప్పులు తిప్పింది. మూడో తిప్పుకి నీళ్ళు ఎర్రబడ్డాయి.

ఎలీషా ఆ తువ్వాలుని మురుగుకాలవలోకి విసిరేశాడు. గాలికి ఎగిరిపోయుంటుందన్నారు అందరూ. ఎలీషా అవునన్నాడు.

ఆ రోజు నుంచి సీమోను చర్చిలో వెనక బల్ల మీద కూర్చుంటున్నాడు. రొట్టె, ద్రాక్షరసాల సంస్కారం తీసుకోవడం మానేశాడు. "నా చెయ్యి మంచిది కాదు" అంటాడు. ఏసుపాదం తల్లి పాపాయమ్మ ఎదురైతే పక్క సందులోకి తప్పుకుంటాడు. ఆ సంగతి విన్నప్పుడల్లా ఎలీషా నాలుక చివరిదాకా మాట వస్తుంది. మళ్ళీ గొంతులోకి దిగిపోతుంది. ఆటని ఆ రోజే ఫోన్లోంచి తీసేశాడు. అంతకుమించి చేసిందేమీ లేదు.

ఇవాళ ఆరు దాటేసరికి ఆకాశం సీసంలా అయిపోయింది. వాన, గాలి. కరెంటు పోయింది. సీమోను జనరేటర్ వేశాడు. ఒకటీ రెండూ చెరువుల చక్రాలు తిరిగాయి. మూడోది గుర్రుమని ఆగిపోయింది.

"వల చుట్టుకున్నట్టుంది," అన్నాడు సీమోను. టార్చి వేసి చూశాడు. చెరువు నిండా మీసాలు. రొయ్యంతా పైకి తేలి గాలికి నోళ్ళు తెరుస్తోంది. "వారంలో పట్టుబడి, రొయ్య అమ్మకం. గంట ఆగితే మొత్తం చస్తుంది. దిగాలిరా."

"బావా, వద్దు. నేను దిగుతా."

"నీకు ఈతొచ్చా?"

"నడుం లోతేగా!"

"నడుం లోతులో మునిగేవాడివి నువ్వు," అని నవ్వి తువ్వాలు తీశాడు. మూడో చెరువు స్టార్టర్ ఆపి, పిడికి రెండు ముళ్ళు వేశాడు. నవ్వు ఆగిపోయింది. "ఇక్కడ్నుంచి కదలకు. యేసయ్యే వచ్చి అడిగినా దీన్ని ముట్టుకోనివ్వకు. సరేనా?"

ఎలీషా ఆ తువ్వాలుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. బావ తల, చేతిలో టార్చి, వానలో చక్రం వైపు కదుల్తున్నాయి. నడుం లోతు... అంతే.

జేబులో ఫోను గుర్రుమంది.

అక్కేమో అనుకుని తీశాడు. మాన్‌స్ట్రా తెరుచుకుని ఉంది. ఏడాది కింద తీసేసిన ఆట. స్క్రీను మీద మూడో చెరువు, వాన, అంతా ఉన్నదున్నట్టు. నీళ్ళ మధ్యలో నీలం చుక్క. పక్కన అంకె.

లోతు: 5000 మీ.

తల ఎత్తాడు. ఫోన్లో కాదు. ఎదురుగా, నిజం చెరువులో, చక్రం కింద నీలం వెలుగు.

"ఒరే, లైటేశావా?" అన్నాడు సీమోను. "బాగుందిరా, అటే పట్టు."

"బావా... నేను కాదు... బైటికి రా..."

"ఏంటీ?"

"రా బావా!"

సీమోను ఒకడుగు వేశాడు. గడ్డం దాకా మునిగాడు. టార్చి వదిలేసి రెండు చేతులూ కొట్టుకున్నాడు.

"ఎలీషా... అడుగు తగలట్లేదురా."

తను దగ్గరుండి పూడిక తీయించిన చెరువు. ప్రతి అంగుళం తెలిసిన చెరువు.

"అడుగు లేదురా ఇక్కడ..."

అప్పుడు కొట్టింది.

చప్పుడు లేదు ముందు. చెరువంతా ఒక్కసారి తెల్లగా వెలిగింది. రొయ్యలు లక్షలుగా గాల్లోకి లేచాయి. వేడి నూనెలో పడ్డట్టు టపటపా పగిలాయి. తుంపులు ఎలీషా మొహం మీద పడ్డాయి. ఉడికిన వాసన. కాలిన వెంట్రుకల వాసన. సీమోను నడుందాకా నీళ్ళలోంచి పైకి లేచాడు, ఎవరో కిందనుంచి ఎత్తి పట్టుకున్నట్టు. మెడ వెనక్కి విరిగింది. నోరు తెరుచుకుంది. పళ్ళు ఒకదానికొకటి కొట్టుకుని ముక్కలై రాలుతున్నాయి.

స్టార్టర్ ఆపే ఉంది. తువ్వాలు ఎలీషా గుప్పిట్లోనే ఉంది.

జనరేటర్ దగ్గరికి పరిగెత్తి దాన్నీ ఆపేశాడు. రెండు చెరువుల చక్రాలు ఆగాయి. చీకటి.

మూడో చెరువు మాత్రం ఇంకా కొడుతూనే ఉంది.

మెరుపు మెరుపుకీ కొంచెం కొంచెం కనిపిస్తోంది. నల్లటి వీపు, పడవంత. తెల్లగా పొర కట్టిన కళ్ళు. సీమోను కుడిచెయ్యి మోచేతిదాకా దాని నోట్లో. అది తల విదిలించినప్పుడల్లా చెయ్యి ఇంకాస్త లోపలికి... ఎముక పటుక్కుమంది. రక్తం నీళ్ళమీద పడి సెగలు కక్కింది.

ఎలీషా మోకాళ్ళ మీద గట్టు అంచుకి పాకాడు. చెయ్యి చాచాడు. "వదిలెయ్... మా అక్కకి నెలలు నిండాయి... వదిలెయ్..."

నీలం దీపం అతని వైపు తిరిగింది. మెల్లగా ఊగింది. మెత్తటి గొంతు వినిపించింది. తెలిసిన గొంతు. మధ్యాన్నం అన్నం వేళ జోకులేసే గొంతు.

"తమ్ముడూ... నా తువ్వాలేదీ?"

ఎలీషా చాచిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"తమ్ముడూ..."

"నేనే!" అని అరిచాడు. "నేనే తీశాను! బావ తప్పు లేదు! ఫోను తుడుచుకోడానికి నేనే తీశాను ఏసుపాదం... చెప్పలేకపోయాను... బావని వదిలెయ్... నన్ను తీసుకో!"

దీపం ఆరిపోయింది.

వాన చప్పుడు. అంతే. ఒక నిమిషానికి చక్రం పక్కన నడుం లోతు నీళ్ళలో సీమోను వెల్లకిలా తేలాడు. ఎలీషా దూకి ఈడ్చుకొచ్చాడు. కాళ్ళకింద అడుగు గట్టిగా, బురదగా, ఎప్పట్లాగే ఉంది. బావ ఊపిరి పీలుస్తున్నాడు. కుడిచెయ్యి మాత్రం మోచేతి కింద చీలికలు చీలికలుగా వేలాడుతోంది.

ఎలీషా పిలిపించిన అంబులెన్సులోనే జెస్సీ కూడా ఎక్కింది. మొగుణ్ణి చూడగానే నొప్పులొచ్చేశాయి. మచిలీపట్నం ఆసుపత్రిలో పైన సీమోనుకి కుట్లు, కింద జెస్సీకి కాన్పు. తెల్లారేసరికి ఆడపిల్ల.

చేతిని చూసిన డాక్టరుగారు ఎలీషాని పక్కకి పిలిచారు. "ఏం కరిచిందన్నావ్?"

"చేప సార్."

ఆయన తల అడ్డంగా ఊపారు. "కరిస్తే గాట్లు బైటనుంచి లోపలికి పడాలి బాబూ. ఇవి లోపల్నుంచి బైటికి పడ్డాయి."

మూడో రోజు పొద్దున సీమోను కళ్ళు తెరిచాడు. వార్డులో ఎండ పడుతోంది. పక్క మంచం ముసలాయన ఇడ్లీ తింటున్నాడు. ఎలీషా స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి మాటని మింగదల్చుకోలేదు.

"బావా, నీకో మాట చెప్పాలి. నిరుడు... ఆ తువ్వాలు..."

"తెలుసు," అన్నాడు సీమోను. పళ్ళు లేని నోటితో, నెమ్మదిగా. "చెరువు కింద ఏసుపాదం చెప్పాడు."

ఎలీషా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను కొట్టు బావా. చంపెయ్."

సీమోను కొట్టలేదు. కళ్ళు ఆర్పకుండా చూశాడు. కళ్ళమీద ఏదో పల్చటి పొరలా ఉంది, మందుల వల్లనేమో.

"చాలా లోతురా అక్కడ. చల్లగా ఉంటది. ఒక్కడే ఉంటున్నాడు పాపం. తోడు కావాలన్నాడు."

"నన్ను తీసుకోమన్నానుగా..."

"విన్నాడు." సీమోను చూపు తలుపు వైపు మళ్ళింది. "నువ్వొద్దన్నాడు."

తలుపు దగ్గర జెస్సీ. నీరసంగా, నవ్వుతూ, గుడ్డలో చుట్టిన బిడ్డతో. "లేచారా? చూడండి, అచ్చం మీ అమ్మే. పుట్టిన దగ్గర్నుంచీ కుడిచేతి పిడికిలి విప్పట్లేదండీ. నర్సమ్మ కూడా విప్పలేకపోయింది. ఏం దాచుకుందో దొంగముండ."

బిడ్డ కెవ్వున ఏడుస్తోంది. సీమోను కట్టు కట్టిన చెయ్యి దుప్పటి మీద కొంచెం లేచింది. తెల్లటి గుడ్డ పొరల కింద నీలంగా ఏదో మెల్లగా ఊగింది. ఒకసారి. రెండుసార్లు.

బిడ్డ ఏడుపు టక్కున ఆపేసింది. ఇంకా చూపు నిలవని కళ్ళు తిన్నగా అటు తిరిగాయి.

"అమ్మ దొంగా! నాన్నని గుర్తుపట్టిందండీ!" అంటూ జెస్సీ మంచం మీదికి వంగింది.

ఎలీషా "అక్కా" అనేలోపే పసిదాని పిడికిలి విచ్చుకుంది. గులాబీరంగు అరచేతి చర్మం కింద, పెసరగింజంత దీపం, నీలంగా వెలుగుతోంది.