గడపల్లేని ఇల్లు

ఆదివారం పొద్దున్నే ఇంజినీరు కొత్త ఇంటి ప్లాను పట్టుకొస్తానన్నాడని, లైన్‌మన్ ముందుగదిలోని రెండు కుట్టుమిషన్లనూ గోడవారకి జరిపి మధ్యలో బల్ల వేశాడు. ముందుగది అన్నది పేరుకే. అది అతని భార్య దుకాణం. కుట్టాల్సిన స్కూలు యూనిఫారాల మూటలు, దారపు రీళ్లు, కత్తిరించిన గుడ్డముక్కలు తప్ప అక్కడ మనిషి కూర్చునే చోటు లేదు. వీధిలో అందరూ ఆమెని టైలరమ్మ అంటారు, అతన్ని లైన్‌మన్ అంటారు. అసలు పేర్లు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడవు.

"కాఫీకి ఎంతమంది?" వంటింట్లోంచి కేకేసింది టైలరమ్మ.

"ఇంజినీరుతో కలిపి ఐదుగురం. నువ్వు లేవకు, నేను పెడతాలే."

"నేనేం మంచాన పడ్డానా? మీరు పెట్టే కాఫీ తాగితే ఆ ఇంజినీరు ఇల్లు మానేసి ఆస్పత్రి గీస్తాడు."

అతను నవ్వాడు. నవ్వుతూనే తలుపు పక్కనుంచి చూశాడు. ఆమె పీట మీంచి లేవడానికి ఒక చెయ్యి గట్టు మీద వేసింది, రెండో చేత్తో మోకాలిని నొక్కిపట్టి, ఒళ్లంతా కూడదీసుకుని పైకి లేచింది. అతను చూశాడని ఆమెకి తెలుసు. అయినా ఇటు తిరగలేదు.

మూడు నెలల కిందట నరాల డాక్టరు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. అది కండరాల జబ్బు. నెమ్మదిగా వస్తుంది, నెమ్మదిగా పెరుగుతుంది. మందు లేదు. ఎప్పటికన్నది చెప్పలేం గానీ, ఒకరోజుకి చక్రాల కుర్చీ తప్పదు. మిషను తొక్కుతుంటే కాళ్లు బరువెక్కడం వయసు వల్ల అనుకుని, మోకాళ్లకి నూనె రాసుకుంటూ ఏడాది గడిపేసిన మనిషి ఆ మాట విని, "అయితే మిషన్‌కి మోటారు పెట్టిస్తే సరిపోతుందా?" అని అడిగింది. డాక్టరు లైన్‌మన్ వంక చూశాడు. లైన్‌మన్ గోడ వంక చూశాడు.

ఇంటికొచ్చే దారిలో ఆమె ఒక్క మాటే అంది. "ఈ సంగతి మన ఇంట్లో ఎత్తొద్దు. గువ్వకి అసలే తెలియకూడదు. దాని పరీక్ష అయ్యేదాకా కాదు, ఎప్పటికీ."

గువ్వ వాళ్ల ఒక్కగానొక్క కూతురు. హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతూ బ్యాంకు పరీక్షకి తయారవుతోంది. ఇంటి ప్లాను చూడాలని ముందురోజే దిగింది.

ఇంజినీరు వచ్చి, కాఫీ గ్లాసు ఒక మూల, తాళాల గుత్తి ఒక మూల పెట్టి కాగితం పరిచాడు. అందరూ బల్ల చుట్టూ చేరారు. లైన్‌మన్ తల్లి కూడా చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి, కళ్లజోడు పైకి తోసుకుని వంగింది.

"ముందే చెబుతున్నాను," అన్నాడు ఇంజినీరు. "స్థలం ఇంతే, లోను ఇంతే. మీరిచ్చిన లెక్కలో రెండు రకాలుగా కట్టొచ్చు. ఒకటి, కింద మామూలు ఇల్లు, పైన అమ్మగారు అడిగిన కుట్టు హాలు. రెండోది, సారు అడిగినట్టు అంతా కిందే. గుమ్మాలన్నీ మూడడుగుల వెడల్పు, ఎక్కడా గడపల్లేకుండా, వీధి నుంచి లోపలికి వాలు బాట, పడగ్గదికి ఆనుకుని పెద్ద బాత్రూము. దీనికి గోడలు జరుగుతాయి, పునాది పెరుగుతుంది. అప్పుడిక పైన ఒక్క ఇటుక కూడా లేవదు. రెండూ కావాలంటే నావల్ల కాదు."

"రెండో ప్లాను ఎవరడిగారు?" అంది గువ్వ.

"నేనే," అన్నాడు లైన్‌మన్.

"బాత్రూము పడగ్గదిలో సగం ఉంది నాన్నా! ఎవరి కోసం?"

లైన్‌మన్ భార్య వంక చూశాడు. ఆమె కాఫీ గ్లాసు అంచు తుడుస్తోంది. "నాయనమ్మ కోసం," అన్నాడు. "పెద్దదైపోతోంది కదా."

ముసలామె కళ్లజోడు కిందకి దించింది. "నాకా? నాకెందుకురా వాలు బాట, నేనేమన్నా తోపుడుబండినా? పొద్దున్న పాలకేంద్రం దాకా వెళ్లొచ్చింది ఎవరు, నువ్వా నేనా? గడపల్లేకపోతే వాననీళ్లు వచ్చి నా మంచం కింద కాపురం పెడతాయి."

ఇంజినీరు నవ్వాడు. గువ్వ నవ్వలేదు.

టైలరమ్మకి ఆ పై హాలు నిన్నటి కోరిక కాదు. ఆరు మిషన్లు వరసగా వేసి, ఉత్తరం వైపు పెద్ద కిటికీలు పెట్టించి, వీధిలో ఆడపిల్లలకి పని నేర్పాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటోంది. స్థలం కొన్న డబ్బులో సగం ఆమె కుట్టిన కుట్లలోంచి వచ్చిందే. ఆ సంగతి గువ్వకి చిన్నప్పట్నించి తెలుసు. అమ్మ కొత్త చీర మానుకున్న ప్రతిసారీ, "హాలు వచ్చాక కొనుక్కుంటాలే" అనడం విని పెరిగిన పిల్ల అది.

"అమ్మా, నువ్వు చెప్పు. నీకేది కావాలి?"

"నాకు హాలే కావాలి," అంది టైలరమ్మ, కాగితం వైపు చూడకుండా. "నేనేం మార్చలేదు. మార్చింది మీ నాన్న."

లైన్‌మన్ తలెత్తి చూశాడు. ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు జబ్బు మాట ఎత్తనివ్వదు, పదిమందిలో ఇలా వేలు చూపిస్తుంది. ఎక్కడ కరెంటు తీగ తెగినా స్తంభం ఎక్కి, గాలివానలో కూడా సరిచేసి దిగే మనిషి అతను. ఇక్కడ ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. నిజం చెబితే భార్యకిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే ఆ హాలు కట్టాలి, ఆ హాలుకి మెట్లుంటాయి.

"హాలు తర్వాత వేసుకోవచ్చు," అన్నాడు మెల్లిగా.

"తర్వాతంటే ఎప్పుడు నాన్నా? నువ్వు రిటైరయ్యాకా? అమ్మ ఈ ముందుగదిలో ఎన్నాళ్లు ముడుచుకుని కూర్చుంది? అమ్మ డబ్బుతో కట్టే ఇంట్లో అమ్మకి చోటు లేదు గానీ, నాట్యం చేయడానికి బాత్రూము మాత్రం ఉందా?"

"గువ్వా, గొంతు తగ్గించు. బయటి మనిషి ఉన్నారు."

"ఉండనీ. విననీ. నీకు అమ్మంటే లెక్కలేదు. అమ్మ కాళ్లరిగేలా తొక్కి సంపాదిస్తే, నువ్వు నీ రాజ్యం కట్టుకుంటున్నావు!"

ఇంజినీరు తాళాలు చేతిలోకి తీసుకుని, "మీరు మాట్లాడుకోండి, నేను రేపు ఫోను చేస్తాను," అంటూ లేచాడు. లైన్‌మన్ అతన్ని గుమ్మం దాకా సాగనంపి, ఇక లోపలికి రాలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని సందులోంచి పెరట్లోకి వెళ్లిపోయాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

"చూశావా అమ్మా, సమాధానం లేదు," అంది గువ్వ.

"ఉంది," అంది టైలరమ్మ. "సమాధానం ఉంది. చెప్పొద్దని నేనే మాట తీసుకున్నాను ఆయన దగ్గర."

ఆమె చెప్పింది. ఏడవకుండా, యూనిఫారం కొలతలు చెప్పినట్టు చెప్పింది. కాళ్లు బరువెక్కడం దగ్గర్నుంచి డాక్టరు మాట దాకా. మధ్యలో ముసలామె చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లోకి లాక్కుని, ఒక్క కాయ కూడా ఒలవకుండా కూర్చుంది.

"నాకు తెలుసు," అంది ముసలామె చివరికి. "జబ్బు పేరు తెలీదు గానీ, నువ్వు మెట్టెక్కేటప్పుడు మోకాలు చేత్తో తోసుకోవడం చూస్తూనే ఉన్నాను. నువ్వు చెబుతావేమోనని ఊరుకున్నానే."

గువ్వ చూపు తల్లి కాళ్ల మీదే ఉంది. "మరి నాకెందుకు చెప్పలేదు? పరీక్ష గురించా?"

"పరీక్ష గురించే."

"అమ్మా."

టైలరమ్మ ఒళ్లోని గుడ్డముక్కని మడతపెట్టింది, విప్పింది. "చెబితే నువ్వు ఒక్క మాట అడుగుతావు. దానికి నా దగ్గర జవాబు లేదు."

గువ్వకి ఆ మాటేమిటో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "నాకూ వస్తుందా?"

"తెలీదమ్మా. రావొచ్చన్నాడు డాక్టరు, రాకపోవచ్చన్నాడు. రక్తపరీక్ష చేస్తే తెలుస్తుందట. మా అమ్మ కూడా చివర్లో ఇలాగే మంచాన పడింది, అప్పుడు మేం వాతమనుకున్నాం. నీకు నేనిచ్చే ఆస్తి ఇదేనా అని..." అక్కడిదాకా కొలతలు చెప్పినట్టు చెప్పిన మనిషి అప్పుడు ముక్కలైపోయింది. గువ్వ వచ్చి ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంది. ఎవరు ఎవరిని ఓదార్చాలో ఇద్దరికీ తెలియలేదు.

చాలాసేపటికి గువ్వ పెరట్లోకి వెళ్లింది. లైన్‌మన్ కడిగిన గ్లాసులనే మళ్లీ కడుగుతున్నాడు.

"నాన్నా, నన్ను తిట్టు."

"ఎందుకు?"

"అన్ని మాటలన్నాను కదా."

"అమ్మ తరఫున ఎవరో ఒకరు అరవాలిగా. నేను అరవలేకపోతున్నాను." కుళాయి కట్టేశాడు. "ఆ బాత్రూము గీయించిన రోజు ఇంజినీరు, ఎవరికండీ అని అడిగాడు. ఏదో ఒకటి చెప్పి బయటికొచ్చి, బండి స్టార్టు చేయడం మర్చిపోయి దాని మీద అలాగే కూర్చున్నాను. నాకు చేతనైంది గోడలు జరపడమేనమ్మా. అంతకుమించి ఏం చేయాలో తెలియడంలేదు."

గువ్వ ఆ తడి చేతుల్ని పట్టుకుని నిలబడింది.

ఆ వారమంతా ఇంట్లో ప్లాను మాట ఎవరూ ఎత్తలేదు. చివరికి టైలరమ్మే ఎత్తింది. పైన ఏమీ వద్దంది. వీధి వైపు ముందుహాలుని కుట్టుగదిగా మార్చమంది. ఆరు మిషన్లు పట్టవు, నాలుగు పడతాయి.

"మరి చుట్టాలొస్తే?" అంది ముసలామె.

"మిషన్ల మధ్య కూర్చుంటారు. ఊరికే కూర్చోవడమెందుకు, గుండీలు కుడతారు."

కానీ బాత్రూము గురించి ఒక్క మాట మాట్లాడలేదు. వాలు బాట గురించి మాట్లాడలేదు. ఇంజినీరు కొలతలు అడిగితే, "అవి ఆయన్నడగండి," అని తప్పుకుంది. ఆ కాగితంలో ఆ మూలకి ఆమె కళ్లు వెళ్లేవి కావు.

పునాదికి సున్నంతో గీతలు వేసే రోజు అందరూ స్థలానికి వెళ్లారు. మేస్త్రి దారాలు కట్టి, సున్నం పోసుకుంటూ వెళ్తుంటే, నేల మీద తెల్లగా ఇల్లు కనబడింది. ముసలామె తన గదిలోకి గోడలోంచే నడిచి వెళ్లి, కిటికీ ఎక్కడొస్తుందో చూసుకుంది. తల్లిని గువ్వ కుట్టుగదిలో నిలబెట్టి, మిషన్లు ఎక్కడెక్కడ వస్తాయో చూపించింది. ఎండ ఇంకా ముదరలేదు. కాసేపు అందరూ మామూలుగానే ఉన్నారు.

అప్పుడు ఇంజినీరు లైన్‌మన్‌ని పక్కకి పిలిచాడు. "సార్, బాత్రూము కొలతలు పుస్తకంలో ఉన్నట్టే వేశాను. కానీ ఒకసారి చక్రాల కుర్చీ పెట్టి తిప్పి చూసుకుంటే మంచిది. గోడ లేచాక జరపలేం."

లైన్‌మన్ ఆ మాట ముందే ఊహించాడు. మందుల షాపులో అద్దెకి తీసుకున్న చక్రాల కుర్చీని పొద్దున్నే ఆటోలో తెచ్చి, ఇసక కుప్ప వెనకాల గోనెపట్టా కప్పి ఉంచాడు. ఇప్పుడు దాన్ని తీసుకురావాలి. భార్య ఎదుట. అతను ఇసక కుప్ప దాకా వెళ్లి, పట్టా మీద చెయ్యి వేసి, అక్కడే నిలబడిపోయాడు.

గువ్వ చూసింది. వెళ్లి పట్టా లాగేసి, కుర్చీని తోసుకుంటూ వచ్చింది. మట్టిలో చక్రాలు మొరాయించాయి. సున్నపు గీత మధ్యలో గుమ్మం కోసం వదిలిన సందులోంచి లోపలికి తెచ్చి, నిలబెట్టింది. టైలరమ్మ మొహం తిప్పుకుంది.

"ఎవరైనా కూర్చోవాలి కదా," అన్నాడు ఇంజినీరు. "బరువుంటేనే తెలుస్తుంది."

"నేను కూర్చుంటాను," అంది గువ్వ. కుర్చీ చేతులు పట్టుకుని, వెనక్కి వంగి కూర్చోబోయింది.

"లేవే!"

ఆ కేకకి మేస్త్రి చేతిలోని సున్నం డబ్బా జారింది. టైలరమ్మ అంత గట్టిగా అరవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆమె గీతలు తొక్కుకుంటూ, తూలుతూ, లైన్‌మన్ పట్టుకోబోతే విదిలించుకుంటూ వచ్చింది. కూతుర్ని రెక్క పట్టుకుని పక్కకి లాగింది.

"నువ్వు కూర్చోవద్దు. దీంట్లో నువ్వు కూర్చోవద్దు."

"ఊరికే కొలత కోసం అమ్మా..."

"కొలతకీ వద్దు."

ఆయాసంతో కాసేపు ఆ కుర్చీని చూస్తూ నిలబడింది. తర్వాత చీర కుచ్చిళ్లు సర్దుకుని, రెండు చేతులూ ఆనించి, మెల్లిగా అందులో కూర్చుంది. ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లైన్‌మన్ కళ్లు కింద సున్నం మీద ఉన్నాయి.

"తొయ్యండి," అంది టైలరమ్మ.

అతను కుర్చీ వెనక్కి వచ్చి పిడులు పట్టుకున్నాడు. ఆమె ఒక చెయ్యి వెనక్కి చాపి, అతని వేళ్ల మీద వేసింది. కుర్చీ ముందుకి కదిలింది, సగం తిరిగింది, మూలకొచ్చేసరికి చక్రం గీత దాటి పక్కగదిలోకి వెళ్లింది.

"ఇక్కడ తిరగడంలేదు," అంది ఆమె, మేస్త్రితో. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. "ఈ గోడ ఇంకో అడుగు అవతలికి జరుపు."

"పడగ్గది తగ్గిపోతుందమ్మా," అన్నాడు మేస్త్రి.

"తగ్గనీ."

మేస్త్రి కాలితో పాత గీత చెరిపేసి, కిందపడ్డ డబ్బా తీసుకుని, కొత్త గీత పోయడం మొదలుపెట్టాడు.