తెర మావయ్య

పొద్దున్నే పాల కోసం తలుపు తీసిన ఆవిడకి గుమ్మంలో ముగ్గురు ఎదురయ్యారు. పాలాయన, పక్కింటావిడ, వీధి మలుపులో క్షౌరం కొట్టు నడిపే ఆయన. ముగ్గురిదీ ఒకటే గోల, సాయంత్రం సినిమాకి టిక్కెట్లు కావాలని.

"నా దగ్గరెక్కడివయ్యా టిక్కెట్లు? హాలు నేనేమన్నా కట్టించానా?" అని కసిరిందే గానీ, ఆవిడ మొహం వెలిగిపోతూనే ఉంది. వెలగదూ మరి! రేకుల కప్పు కింద, అద్దె గడ్డాలు అంటించుకుని నాటకాలాడిన కొడుకు, సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసీ వేసీ ఇవాళ హీరో అయ్యాడు. వీధి చివర గోడ మీద బస్సంత బొమ్మ అంటించారు. ఆ చుట్టుపక్కల దాన్ని చూడని మనిషంటూ ఉంటే ఒక్కడే.

ఆ ఒక్కడూ ఆవిడ మొగుడు. నాటకాల హాల్లో ముప్ఫై ఏళ్ళు తెర లాగిన ఆయన్ని అందరూ తెర మావయ్య అంటారు. ఆ బొమ్మ వచ్చిన దగ్గర్నుంచీ ఆయన సరుకుల కొట్టుకి వెళ్ళాలన్నా వెనక సందులోంచే వెళ్తున్నాడు. మోకాళ్ళు లబోదిబోమంటున్నా ఆ చుట్టుదారే.

"సాయంత్రానికి ఏ చొక్కా తీయమంటారు?" కాఫీ గ్లాసు చేతికిస్తూ అడిగింది.

"నేను రాను. నువ్వెళ్ళిరా."

"కన్నకొడుకు సినిమా అండీ!"

"అయితే? అక్కడ నేను తెర లాగాలా, లైట్లు వెయ్యాలా?"

ఆవిడ ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోయేంతలో గుమ్మంలో బూట్ల చప్పుడు. కొడుకు. అమ్మానాన్నల్ని తనే స్వయంగా తీసుకెళ్ళాలని కారు వేసుకుని పొద్దున్నే వచ్చేశాడు. నాన్నకని తెచ్చిన కొత్త చొక్కా చేతిలోనే ఉంది.

"వినపడిందిలే నాన్నా," అన్నాడు. "నేనేం అడిగాను? ఈ ఒక్క ఆటా మీ ఇద్దరి పక్కన కూర్చుని చూడాలనుకున్నాను. అంతేగా!"

ఆయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఇదేం కొత్త కాదులే. ఎవరి వేషమైనా కళ్ళింత చేసుకుని చూసేవారు. నేను స్టేజీ ఎక్కేసరికి గోడవైపు తిరిగి వీపు చూపించేవారు. మరీ అంత చూడలేనట్టు చేశానా నాన్నా?"

"ఒరేయ్, ఇవాళ ఆ గొడవలెందుకురా?" అంది తల్లి.

"ఇవాళ అడగనీ అమ్మా. నా మొదటి నాటకం గుర్తుందా? చచ్చిపోయే సీను. చచ్చి పడున్నాను, ఎంతకీ తెర పడదే! ఊపిరి బిగబట్టి బిగబట్టి దగ్గొచ్చేసింది. శవం దగ్గేసరికి హాలంతా గొల్లుమంది. ఈయనేమో తాడు పట్టుకుని నిద్రపోయారు. కొడుకు మొదటిసారి వేషం కడితే నిద్రపోయారమ్మా!"

నిద్రేనని ఆవిడా అనుకుంది. పగలంతా గోడౌన్లో బస్తాలు మోసి వచ్చిన మనిషి, కునుకు పట్టి ఉంటుందని తనకు తానే ఎన్నోసార్లు సర్దిచెప్పుకుంది.

"నిద్రపోలేదురా," అన్నాడు తెర మావయ్య మెల్లగా.

"మరి?"

"నిన్నే చూస్తున్నాను." "నువ్వలా ప్రాణం వదులుతుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నా బిడ్డ నిజంగానే పోయాడనుకున్నాను. చేతిలో తాడుందన్న ధ్యాసే లేదు. నువ్వు దగ్గాక గానీ నాకు ప్రాణం లేచి రాలేదు. మేకప్ గదిలో నువ్వు వెక్కి వెక్కి ఏడవడం విన్నాను. మర్నాడు మేనేజరు, ఇంకోసారి ఇలా జరిగితే తండ్రీకొడుకులిద్దరూ బయటికే అన్నాడు. నేను చూస్తే తెర పడదు. తెర పడకపోతే నీకు వేషం లేదు. అందుకని గోడవైపు తిరిగాను. నువ్వెక్కడ ఆగుతావో, ఎక్కడ ఊపిరి తీసుకుంటావో అన్నీ నా చెవులకి తెలుసురా. కళ్ళకే తెలీదు."

కొడుకు చేతిలో చొక్కా నలిగిపోతోంది. "సినిమాలో తాడు లేదుగా నాన్నా. ఇప్పుడేం అడ్డం?"

"భయంరా. నేను చూసిన ఆ ఒక్కసారీ నవ్వులపాలయ్యావు. ఇంత పైకొచ్చావు, మళ్ళీ నా కళ్ళు పడటం దేనికని."

అతను తండ్రి కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తల్లికి తెలియలేదు. "నిజంగానే పోయాననుకున్నారా? అంత బాగా చేశానా?"

"అంత బాగా చేశావు," అన్నాడు ఆయన. ఆ మాట కోసం కొడుకు ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నాడో తల్లికి తెలుసు. కొంగుతో కళ్ళొత్తుకుని, చొక్కా లాక్కుని ఇస్త్రీ చేయడానికి లోపలికి వెళ్ళింది.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. దీపాలు ఆరి కొడుకు గొంతు వినపడగానే, అలవాటు కొద్దీ తెర మావయ్య తల పక్క గోడవైపు తిరిగింది. ఆవిడ చంటిపిల్లాడికి తిప్పినట్టు ఆయన గడ్డం పట్టుకుని ముందుకి తిప్పింది.

ఆయన చూశాడు. కొడుకు కళ్ళు, కనుబొమలు, మాటకి ముందు పెదవి చివర కదిలే చిన్న వణుకు. వింటూ వింటూ ఇన్నేళ్ళూ ఊహించుకున్నదంతా ఎదురుగా ఉంటే రెప్ప వేయడం మర్చిపోయాడు.

సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఒకాయన లేచి, తాపీగా ప్యాంటు సర్దుకుంటూ నిలబడ్డాడు.

"కూర్చోవయ్యా బాబూ!" ఆట నడుస్తుండగా హాల్లో ఎన్నడూ నోరెత్తని మనిషి, ఆఖరి వరస దాకా వినపడేలా అరిచాడు. "అడ్డం రాకు! మా అబ్బాయి కనపడట్లేదు!"