మూడో గదిలో ఎంగిలి

ఆ ఆఫీసులో పొద్దుగూకాక మూడో గది వైపు ఎవరూ తొంగిచూడరు. పగలు మాత్రం అందరూ అక్కడే. తవ్వకాల్లో దొరికిన ఎముకలు, పెంకులు, పూసలు కడిగి, ట్రేలలో ఆరబెట్టి, నంబర్లు వేసే గది అది. అయిదు దాటిందా... చెప్పులు వేసుకోవడం మర్చిపోయినా సరే, బయటపడతారు.

అక్కడ దెయ్యం ఉందట. ఉంటే ఉంది. తెల్లచీరలో తిరిగేదో, గజ్జెలు మోగించేదో అయితే వాళ్లు సర్దుకుపోయేవాళ్లే. కానీ ఈ దెయ్యం... నాకుతుంది.

విన్నది విన్నట్టు చెప్తున్నాను. ఏదైనా తింటూ చదువుతుంటే ముందు చెయ్యి కడుక్కుని రండి.

ఆ పనిలో ఒక పాత అలవాటుంది. మట్టిలోంచి తీసిన ముక్క ఎముకో రాయో కంటికి తెలియకపోతే నాలుక చివర ఆనిస్తారు. రాయైతే జారిపోతుంది. పాత ఎముక నిండా సన్నటి బెజ్జాలు కాబట్టి అది నాలుకని పట్టుకుంటుంది. చదువుకున్నవాళ్లే చేసే పని ఇది, నేను కల్పించలేదు. వెనకెప్పుడో ఒక తవ్వకాల మేస్త్రీ అలా నాకి నాకి, ఏ విషపు కుండ అడుగునో కూడా నాకి, నాలుక అరచేయంత వాచి, ఆ మూడో గదిలోనే పోయాడట. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈయనకి పుడకలతో కూడా పోలేదట.

ఆ గదిలో ఎముకలు కడిగేది ఛీఛీ అక్క. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, నోళ్లలో ఉండదు. బల్ల మీద టీ మరక కనబడితే ఛీ. ఎవరైనా వేలు తడిచేసుకుని కాగితం తిప్పితే ఛీఛీ. అలాంటి మనిషి పదకొండేళ్లుగా ఎప్పుడో చచ్చినవాళ్ల దవడలు పళ్ల బ్రష్‌తో తోముతోంది. ఇంటికెళ్లి మూడుసార్లు చేతులు రుద్దుకుంటే తప్ప కన్నపిల్లని ముట్టుకోదు. అయితే ఒక మాట చెప్పాలి, ఆవిడ తోమిన ఎముకలో ఇసుకరేణువు వెతికి పట్టినవాడు ఇంతవరకూ లేడు.

ఈ మధ్యే ఆవిడని పర్మినెంటు చేసే ఫైలు పెద్దసారు బల్ల మీదికి చేరింది. సరిగ్గా అప్పుడే మొదలైంది గొడవ.

సాయంత్రం పొడిగా ఆరిన ఎముకలు, మర్నాడు వచ్చి చూసేసరికి జిగురుజిగురుగా ఉంటున్నాయి. ట్రేలలో పరిచిన పాత న్యూస్‌పేపరు వాటికి అతుక్కుపోతోంది. పీకితే కాగితం వస్తుంది, అచ్చు ఎముక మీదే ఉండిపోతుంది. ఒక పుర్రె నుదుటి మీద "తగ్గింపు ధరలకు" అని తిరగబడిన అక్షరాలు! ఛీఛీ అక్క వేలితో తాకి, వాసన చూసి, అక్కడికక్కడే ఓకరించింది.

"నీళ్లు కాదు వదినా ఇది... ఎంగిలి."

"అమ్మబాబోయ్," అంది నంబర్లు రాసే వదిన, కలం కింద పెట్టేసి. "మేస్త్రీ మళ్లీ వచ్చాడు."

పెద్దసారు ఇవేవీ వినలేదు. ఆయనంటే అక్కడ అందరికీ హడల్. చేతులు వెనక్కి కట్టుకుని, రెండడుగుల దూరంలో నిలబడి, వంగనైనా వంగకుండా, "రెండో వరస మూడోది రాయి. తీసెయ్యండి" అంటాడు. చూస్తే రాయే! సారు కంటిచూపు గద్దచూపు అని చెప్పుకునేవాళ్లు.

"నాకు దెయ్యాల కథలు చెప్పకు," అన్నాడు ఛీఛీ అక్కతో, అందరి ముందూ. "సరిగ్గా ఆరబెట్టకుండా ఇంటికి పరిగెడుతున్నావు. ఇంకొక్క ట్రే తడిసిందా, నీ ఫైలు కదలదు. నువ్వూ రానక్కర్లేదు."

శుభ్రం తప్ప వేరే గొప్ప చెప్పుకోని మనిషిని పట్టుకుని మురికిదని అన్నాడు. ఆవిడకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఆ మర్నాడు టీ వేళ ట్రేలు పరుస్తూ వదిన పాత పేపర్లలోని వింతలు చదువుతోంది. అది రోజూ ఉండే కాలక్షేపమే.

"ఇది విన్నావా? ఎక్కడో బురదలో వెయ్యేళ్ల నాటి వెన్నముద్ద దొరికిందట. దొరికినవాడు రొట్టెకి రాసుకుని తిన్నాడట!"

"ఛీ! వాడి నోరు పడిపోనూ."

"ఇంకోడి ముక్కులో ముప్పై ఏళ్లుగా బటాణీ గింజ ఉందట. తుమ్మితే ఊడిపడిందట."

"ఛీఛీ, ఆపు వదినా. చేతిలో టీ ఉంది."

"టీ ఉంటే ఏం? ఇవాళ నాలుగో గోతిలోంచి వచ్చిన సరుకు చూశావా మరి?" వదిన కళ్లు మెరిశాయి. "పాతకాలం వాళ్ల మరుగుదొడ్డట అది. అడుగున ఉండలు ఉండలుగా... రాయిలా గట్టిపడి..."

"తెలుసు. చెప్పకు."

"వాటిలో గింజలుంటాయట, వాళ్లేం తిన్నారో తెలుస్తుందట. కడగొద్దు, చేత్తో ముట్టొద్దు, పొడి బ్రష్‌తో దులపండి అన్నాడు సారు. బంగారం దొరికినా ఇంత మురిసిపోడు!"

ఛీఛీ అక్క టీ పారబోసి వచ్చింది. ఆ ట్రేని గోడ పక్క బల్ల మీద, ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని దులిపింది. అయిదింటికి అందరూ వెళ్లారు. ఆవిడ వెళ్లలేదు.

చలికాలం... ఆరుకే చీకటి. వాచ్‌మన్ బాబాయ్‌ని బతిమాలింది.

"నన్ను లోపల పెట్టి తాళం వెయ్యి బాబాయ్. తొమ్మిదికి తీద్దువుగాని."

"నీకేమైనా పిచ్చా తల్లీ? రోజూ తాళం వేసింది వేసినట్టే ఉంటుంది. లోపల మాత్రం చప్... చప్... అని వినబడుతుంది. నేను గేటు దగ్గరికి పారిపోతా."

"పిల్లి పనో, మేస్త్రీ పనో, ఇవాళ తేలిపోవాలి. నా పదకొండేళ్ల కష్టం బాబాయ్. ఏదో నాలిక్కి వదిలేస్తానా?"

బాబాయ్ తాళం వేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

కిటికీ రెక్క ఒకటి సరిగ్గా పడదు. పిల్లి వస్తే అటునుంచే రావాలని, కిటికీ పక్క బల్ల మీద ఎప్పుడూ ఉండే ఎముకల ట్రేలు తీసి గోడ వైపు పెట్టింది. గోడ వైపువి కిటికీ పక్కకి జరిపింది. ట్రే ట్రేకీ చీటీ ఉంటుంది కాబట్టి ఎక్కడున్నా ఇబ్బంది లేదు. తర్వాత ఇనప ర్యాకు వెనక నక్కి, చేతిలో టార్చి పట్టుకుని కూర్చుంది.

చీకట్లో ఆ గది కంపు రెట్టింపైంది. తడిమట్టి, బూజు, ఎలుకల వాసన... కాలి మీద ఏదో పాకింది. బొద్దింక. అరవబోయి పైట నోట్లో కుక్కుకుంది. ఆ పైటతోనే ఇందాక ముక్కు మూసుకున్నానని గుర్తొచ్చి దాన్నీ ఉమ్మేసింది.

ఏడు కొట్టారెక్కడో. ఇంకో అరగంట గడిచింది...

తాళంలో చెవి తిరిగింది.

హమ్మయ్య, బాబాయ్ భయపడి ముందే వచ్చేశాడు, అనుకుంది. పిలుద్దామని నోరు తెరిచింది. అప్పుడే — దూరంగా, గేటు దగ్గర — బాబాయ్ దగ్గాడు.

ఆవిడ ర్యాకు వెనక ఇంకా కిందికి నక్కింది.

తలుపు తెరుచుకుంది. మూసుకుంది. లైటు వెయ్యలేదు... టార్చీ లేదు. చీకట్లోనే ఎవరో నడుస్తున్నారు, తడుముకోకుండా, అలవాటైన నడక. తిన్నగా కిటికీ బల్ల దగ్గరికి వెళ్లి ఆగింది ఆ నడక.

చిన్నగా, గవ్వలు కదిలినట్టు, ట్రేలో చప్పుడైంది.

తర్వాత...

చప్.

కాసేపు ఏమీ లేదు. మళ్లీ... చప్... చప్. నిదానంగా, రుచి చూస్తున్నట్టు. మధ్యమధ్య ఒక గుటక. ఆ గుటక విన్నాక ఛీఛీ అక్క టార్చి బిగించి పట్టుకుంది. భయం ఎటు పోయిందో తెలియదు, రోత ఒక్కటే మిగిలింది. ప్రాణం పోయినా సరే, ఈ నాకుడు ఆపాలి. లేచి టార్చి వేసింది.

నాలుక బయటపెట్టి, దాని చివర నల్లటి ముక్క ఆనించుకుని... పెద్దసారు!

వెలుగు మొహం మీద పడినా ఆయన కళ్లు చికిలించలేదు. అదోలా, ఆవిడ పక్కకి ఎటో చూశాడు.

"ఎవరది?" అన్నాడు గుసగుసగా.

"నేనే సార్. ఎముకలు కడిగేదాన్ని."

ఆయన కూలబడిపోయాడు. ముక్క మాత్రం చేతిలోంచి వదల్లేదు.

"కళ్లు పోయాయమ్మా," అన్నాడు. "ఆరు నెలల్నించి తగ్గుతూ వచ్చి, ఈ మధ్యే బొత్తిగా పోయాయి. మొహాలే మసక... చీటీలు అసలు కనబడవు. డాక్టరు చేతులెత్తేశాడు. రిటైరవడానికి ఇంకా ఏడాది ఉంది. రాత్రిపూట నా దగ్గరున్న తాళంచెవితో వెనక దారిన వచ్చి, నాలికతో చూసుకుని, ఏ వరసలో ఏది రాయో గుర్తుపెట్టుకుని పోతాను. పొద్దున మీకు అప్పజెప్తాను. ఈ సంగతి బయటికి చెప్పకు... నీ కాళ్లు పట్టుకుంటా."

గద్దచూపు గుట్టు అదన్నమాట.

ఆవిడకి జాలి వేసింది. నిజంగానే వేసింది. కానీ ఎంగిలి చేసింది తనే అని తెలిసీ, అందరి ముందూ ఆ మురికి తెచ్చి తన నెత్తిన పులిమాడే! ఎముకల్ని నాకడం కన్నా రోత పని అదేననిపించింది ఆవిడకి.

ఆయన చేతిలోని ముక్క చూసింది. అది ఏ ట్రేలోదో చూసింది. ట్రేలో చీటీ చదివింది. చదివి... నోరు మూసుకుంది.

"మీ సంగతి నేనెవరికీ చెప్పను సార్. కానీ నా మీద నింద ఉండకూడదు. రిజిస్టరులో రాయండి."

"ఏమని?"

"ట్రేలు తడవడంలో కడిగే ఆమె తప్పు లేదు, పరీక్ష నిమిత్తం నేనే తడిపాను, అని."

రిజిస్టరు ముందు పెట్టి, కలం వేళ్ల మధ్య పెట్టింది. ఆయన రాశాడు. వరసలు ఏటవాలుగా బల్ల మీదికి దిగిపోతున్నాయి. కాగితం అయిపోయిన చోట ఆవిడ చెయ్యి పట్టి ఆపింది.

"సంతకం కూడా సార్. తేదీ."

అదీ అయింది. ఆవిడ టార్చి వెలుగులో రెండుసార్లు చదువుకుంది. సిరా ఆరేదాకా ఊదింది. రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుంది.

భారం దిగిన మనిషిలా పెద్దసారు నిట్టూర్చాడు. పాత దర్జా కొంచెం తిరిగొచ్చింది గొంతులోకి.

"అయినా ఈ విద్య కళ్లతో వచ్చేది కాదమ్మా. ఇదిగో, దీన్నే తీసుకో." ముక్క పైకెత్తాడు. "నాలికని ఎలా పట్టుకుందనుకున్నావ్! నలభై ఏళ్ల అనుభవం మీద చెప్తున్నా... పక్కా ఎముక."

"సార్..."

"ఊఁ?"

"ఇవాళ నేను ట్రేలు మార్చాను. ఎముకలు గోడ పక్కన ఉన్నాయి."

"మరి ఇవి?"

ఆవిడ చీటీ చదివి వినిపించింది. "గొయ్యి నాలుగు. అడుగు పొర. చేత్తో ముట్టరాదు. మీరు చెప్పి రాయించిందే సార్."

ముక్క ఆయన చేతిలోంచి జారి ట్రేలో పడింది...

ఆ తర్వాత వచ్చిన చప్పుడు గేటు దాకా వినబడింది.

ఆ ఏడాదంతా ఒక్క ట్రే కూడా తడవలేదు. ఫైలు మూడో రోజే కదిలింది. కళ్ల సంగతి సారు తనంతట తనే పైవాళ్లకి రాసుకుని, తేలికపాటి సీటుకి వెళ్లిపోయాడు. ఇప్పుడాయన రిటైరయ్యాడు కాబట్టి ఆవిడ నాతో అంది, నేను మీతో అంటున్నాను.

వాచ్‌మన్ బాబాయ్ మాత్రం కొత్తగా చేరినవాళ్లందరికీ ఈ నాటికీ చెప్తాడు.

"నా చెవులారా విన్నాను. ఆ రాత్రి మేస్త్రీ దెయ్యం అరగంట సేపు కక్కుకుంది! ఏం నాకిందో పాపం... మళ్లీ అటు రాలేదు."

విన్నవాళ్లు జడుసుకుంటారు. వదిన ఛీ అంటుంది. ఛీఛీ అక్క ఆ ఒక్క కథకే ఛీ అనదు. దవడ ఎముక పళ్ల సందులు తోముకుంటూ, తలొంచుకుని నవ్వుకుంటుంది.