ఉతికిన బట్టల కంపు

ఉతికి ఆరేసిన తువ్వాలును మొహం దగ్గరకు తెచ్చుకోగానే కోడలు చటుక్కున దూరంగా జరిపింది. నిన్ననే ఉతికింది, ఎండలో కరకరలాడేలా ఆరింది, అయినా మురిగిన గుడ్డ కంపు. రెండు వేళ్ళతో దాన్ని పట్టుకుని మళ్ళీ మాసినబట్టల బుట్టలో పడేసింది.

ఆ ఇంట్లో ఆవిడకు ముక్కుపోలీసని పేరు. పెట్టింది మొగుడే. పాలు విరుగుతాయని ముందే చెప్పేస్తుంది. పక్కింట్లో ఏం మాడిందో తన వంటింట్లోంచే చెప్పేస్తుంది. అలాంటి ముక్కు ఒకసారి దోషిని పట్టుకుందంటే ఇక విచారణ ఉండదు. ఈ కంపుకు దోషి మామగారని అది ఎప్పుడో తేల్చేసింది.

మామగారు లారీలు నడిపి నడిపి రిటైరైన మనిషి. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆయనకు మూత్రం ఆగడం లేదు. లేచి బాత్‌రూమ్ చేరేలోపే పైజామా తడిసిపోతుంది. మొదట్లో ఆ బట్టలూ అందరి బట్టలతోపాటే వాషింగ్ మెషీన్‌లో పడేవి. తువ్వాళ్ళు వాసన కొడుతున్నాయని కోడలు ముక్కు చిట్లించడం మొదలుపెట్టాక, ఆయన గది గుమ్మం ముందుకు ఒక బకెట్టు వచ్చి చేరింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. అప్పట్నుంచి పెరట్లో స్టూలు మీద కూర్చుని తన బట్టలు తనే పిండుకుంటున్నారు.

అయినా కంపు పోలేదు, పైగా ముదిరింది. కోడలు సబ్బుపొడి రెట్టింపు చేసింది. పూలవాసన వచ్చే ద్రవమేదో కొని మూతల కొద్దీ ఒంపింది. దాంతో పూలూ కుళ్ళూ కలగలిసి మరింత రోతగా తయారైంది.

"అమ్మా, నేనీ చొక్కా వేసుకోను," అంది కూతురు, స్కూలు చొక్కాను కుర్చీ మీదకు విసిరి. "నా పక్కన కూర్చునే పిల్ల నిన్న ముక్కు మూసుకుని బెంచీ చివరకు జరిగిపోయింది."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. టిఫిన్ తింటున్న భర్త వైపు తిరిగింది.

"విన్నారా? సోఫా కవర్లయ్యాయి, దుప్పట్లయ్యాయి, ఇప్పుడు పిల్ల చొక్కా. నాకు తిండి సయించట్లేదు."

"మెల్లగా మాట్లాడు. నాన్న వింటారు."

"విననివ్వండి. ముక్కు మూసుకుని కాపురం చెయ్యమంటారా? ఆయన మీ అక్కయ్యగారింట్లో కొన్నాళ్ళు ఉంటే ఏం పోయింది? ఆవిడకు మాత్రం నాన్న కాదా?"

భర్త ప్లేటులోంచి తలెత్తలేదు. "సాయంత్రం అక్కకి ఫోన్ చేస్తాలే," అన్నాడు.

మామగారి గది తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ అది చూశారు. చూడనట్టే ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

తండ్రీకూతుళ్ళు వెళ్ళిపోయాక కోడలు మెషీన్ వేసింది. కాసేపటికి అది గుయ్యిమని మూలిగి, కడుపునిండా నీళ్ళతో ఆగిపోయింది. మెకానిక్ రేపటిదాకా రానన్నాడు. తిట్టుకుంటూ ఫోన్‌లో వీడియో పెట్టుకుంది. మెషీన్ అడుగున చిన్న తలుపుంటుందట, దాని వెనక మురికిని పట్టే ఫిల్టరట, అప్పుడప్పుడూ తీసి కడగాలట. ఇన్నేళ్ళ కాపురంలో ఆ తలుపొకటుందని ఆవిడకు తెలియనే తెలియదు.

పళ్ళెం పెట్టి మూత తిప్పింది. బూడిదరంగు నీళ్ళు బొళబొళా కారి, పళ్ళెం నిండి నేలంతా పారాయి. వెనకాలే జిగటగా, నల్లగా ఓ ముద్ద జారి పళ్ళెంలో తపుక్కున పడింది. ఆవిడ నోరు మూసుకుని సింకు దగ్గరకు పరుగెత్తింది. డోకు తగ్గాక వచ్చి చూస్తే, అందులో ఉన్నవన్నీ తెలిసినవే. కూతురి మేజోడు కుళ్ళి చీలికలైంది. భర్త జేబులో మరిచిన కాగితాలు గంజిలా తయారయ్యాయి. వాటన్నిటినీ చుట్టుకుని ఆవిడ సొంత జుట్టే, బారెడు. కరగని సబ్బుపొడి వాటి మీద మీగడ కట్టింది. బట్టలు వేసే పెద్ద తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడత విప్పితే, దాని నిండా నల్లటి బూజు.

వంగి వాసన చూసింది. అదే కంపు. తువ్వాలుది, చొక్కాది, దుప్పట్లది.

మామగారి పైజామా ఈ మెషీన్ మొహం చూసి నెలలైంది. ఆ చిన్న లెక్క తన ముక్కుకు ఇన్నాళ్ళూ తట్టలేదు. పళ్ళెంలో ముద్ద కంటే తన మీద తనకే ఎక్కువ అసహ్యం వేసింది.

అంతా తోమి, బిగించి, వేడినీళ్ళతో ఖాళీ మెషీన్ తిప్పి, చేతులు కడుక్కుని ఆయన గదికి వెళ్ళింది. మామగారు సంచీ సర్దుకుని మంచమంచున కూర్చుని ఉన్నారు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"మామయ్యా, ఆ వాసన మీది కాదు. మెషీన్‌ది. నేనెప్పుడూ కడగలేదు. నా జుట్టు, మా చెత్త. తప్పు నాది."

ఆయన సంచీ కాస్త పక్కకు జరిపారు. తర్వాత మెల్లగా అన్నారు. "పోనీలేమ్మా. నాదీ కొంత ఉండే ఉంటుంది. తగ్గుతుందనే నీళ్ళు మానేశాను."

"నీళ్ళు మానేయడమేంటి?"

"మందుబిళ్ళకి ఒక గుక్క తాగుతున్నా. తాగితేనే కదా తడిసేది. లేచినప్పుడు కాస్త కళ్ళు తిరుగుతున్నాయి గానీ, బట్టలు పొడిగా ఉంటున్నాయి."

ఇంటిల్లిపాదీ ఆయన తడిని వాసన చూశారే గానీ, ఆయన ఎండిపోవడం ఒక్కరూ చూడలేదు. కోడలు వంటింట్లోకి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఒకసారి గ్లాసు వంక, ఒకసారి పరుపు మీద దుప్పటి వంక చూశారు.

"తాగండి మామయ్యా," అంది ఏడుస్తూనే. "తడిస్తే ఉతుక్కుందాం. మెషీన్ బాగుపడింది."

ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మధ్యలో ఆగకుండా తాగేశారు. ఇంకో గ్లాసు ఉందా అని అడిగారు.